కుదిపి పెట్టిన రెండు సీసాలు

రెండు గంటల పది నిమిషాలు. ఈ గోడ గడియారం మూడు నిమిషాలు ముందుంటుంది, పదేళ్ల కిందట నేనే అలా పెట్టించాను, ఆలస్యంగా వచ్చేవాళ్లను తిట్టడానికి వీలుగా ఉంటుందని, కాబట్టి రెండు గంటల ఏడు అనుకుందాం, ఏదైతేనేం, ఇక్కణ్ణుంచి అరగంట. రెండు సీసాలనూ ఒకే పిడికిట్లో పట్టుకుని పది పన్నెండుసార్లు గట్టిగా కుదిపి, కిటికీ పక్కన బల్ల మీద తెల్లకాగితం ముందు పక్కపక్కనే నిలబెట్టాను. రెండూ పాలు కలిపిన నీళ్లలా ఉన్నాయి. ఎడమవైపుది నిన్న సాయంత్రం నేనే కావాలని గడ్డకట్టడానికి పెట్టి, ఈ పొద్దున తీసి కరగనిచ్చినది. అది చచ్చిన టీకా, అందులో సందేహం లేదు, చచ్చినది ఎలా ఉంటుందో చూపించడమే దాని పని. కుడివైపుది అనుమానం సీసా. రెండూ ఒకే పెట్టెలోవి. అరగంటలో ఎడమదాని అడుగున తెల్లగా రవ్వలు పేరుకుంటాయి, పైన నీళ్లు మిగులుతాయి. కుడివైపుది అలాగే పాలలా నిలిచి ఉంటే అది బతికున్నట్టు. అది కూడా తేరుకుందంటే అదీ ఎప్పుడో గడ్డకట్టి కరిగిందని, ఐదు నెలలుగా నేను పసిపిల్లల తొడల్లోకి ఎక్కించింది ఒట్టి నీళ్లేనని. ఆ పిల్లల్లో మా చెల్లెలి కూతురి బిడ్డ ఉంది. ఐదు నెలలది. మొన్నటి నుంచి పెద్దాసుపత్రిలో పడుకుని దగ్గుతోంది.

ఆదివారం కాబట్టి ఆరోగ్య కేంద్రంలో ఎవరూ లేరు. బెంచీలు గోడకు చేరేసి ఉన్నాయి, తడిగుడ్డ వాసన, స్పిరిట్ వాసన, ఆ మూల ఫ్రిజ్ గుర్రుమంటోంది. నా ఫ్రిజ్. అందరూ అలాగే అంటారు, సిస్టరు గారి ఫ్రిజ్ అని, పిల్లలైతే నన్నే తాళం సిస్టరు అంటారు, దానికి తాళం వేసి ఆ చెవి మెడలో గొలుసుకు తగిలించుకుంటానని. తాళం ఊరికే పెట్టలేదు. ఏడేళ్ల కిందట కొత్తగా వచ్చిన డాక్టరు మంచినీళ్ల సీసా తెచ్చి టీకాల మధ్యలో పెట్టాడు. నేను దాన్ని తీసి ఆయన బల్ల మీద, రోగి ముందే, ఠంగున పెట్టాను. ఇందులో నీళ్లు పెట్టరండీ, ఇది వంటిల్లు కాదు, అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే, ముసలావిడకి ఫ్రిజ్ తప్ప లోకం లేదు అన్నట్టు. మరుసటి రోజే తాళం కొన్నాను. తలుపు ఎన్నిసార్లు తెరిస్తే అంత చల్లదనం పోతుంది, ఎవరినీ తెరవనివ్వను, వేడిమి చూసేదీ నేనే, రాసేదీ నేనే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఇంకొకళ్లు చూసి ఉంటే. ఇంకొక్క మనిషి దగ్గర ఆ తాళంచెవి ఉండి ఉంటే. కంచే చేను మేస్తే చెప్పేవాళ్లెవరుంటారు, కంచెకు తాళం కూడా వేసుకున్నాక.

ఈగ ఒకటి తెల్లకాగితం మీద వాలింది. తోలాను. రెండు నిమిషాలైంది, సీసాలు రెండూ పాలలాగే ఉన్నాయి. ఐదు నెలల కిందట, ఆ శనివారం కూడా ఎండ ఇలాగే ఉంది, కిటికీ ఊచల నీడ బల్ల మీద ఇలాగే పడింది. ఫోనొచ్చింది, ఆడపిల్ల పుట్టింది పెద్దమ్మా అని. మా చెల్లెలు పోయి నాలుగేళ్లయింది, దాని కూతురికి తల్లి తర్వాత తల్లిని నేనే, వెళ్లకుండా ఎలా ఉంటాను. వెళితే ఆదివారం రాత్రికి గానీ రాను. సరుకు కూడా అంతకు ముందు రోజే వచ్చింది, ఫ్రిజ్ నిండుగా ఉంది, ఈ పెట్టె పట్టక వెనక గోడకు ఆనించి తోశాను. వెనక గోడకు ఆనించకూడదని కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ నేను చెప్పే మొదటి మాట అదే. రెండు రోజులే కదా అనుకున్నాను. ఇంకొకటి కూడా చేశాను, ఎండగా ఉంది, కరెంటు పోతే కష్టమని, ఫ్రిజ్ మరను ఇంకాస్త చల్లవైపు తిప్పాను. వేడికి భయపడ్డట్టు చలికి ఎవరూ భయపడరు. ముప్పై ఏళ్లు ఇదే పని చేసి నేనూ అందరిలాంటిదాన్నే అయ్యాను.

సోమవారం తాళం తీస్తే లోపల థర్మామీటరు ముల్లు సున్నాకు కింద రెండు దగ్గర ఉంది. ఈ పెట్టె వెనకవైపు అట్ట మీద మంచు పొర. వేలితో గీస్తే గోరులోకి వచ్చింది. నేను ఏం చేశానంటే, చీర చెంగుతో తుడిచాను. మరను యథాస్థానానికి తిప్పాను. ఒక సీసా తీసి వెలుతురుకు పట్టుకుని చూశాను, అందులో గడ్డ లేదు, పాలలాగే ఉంది, లోపలిదాకా కట్టి ఉండదులే అనుకున్నాను. ఒకవేళ కట్టి కరిగినా కంటికి అలాగే కనిపిస్తుంది, అందుకేగా ఈ పరీక్ష. చెయ్యాల్సింది ఆ రోజే. అరగంట పని. వాకిట్లో తల్లులు బారు తీరి ఉన్నారు, నా దగ్గర అరగంట లేదు అనుకున్నాను. అబద్ధం, అరగంట ఉంది. లేనిది వేరే. పరీక్షలో పోతే పెట్టె మొత్తం పారేసి పై ఆఫీసుకు కాగితం రాయాలి, ఆ కాగితం మీద డాక్టరు సంతకం కావాలి, ఆయన సంతకం పెడుతూ మళ్లీ ఆ నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వు పడలేక రిజిస్టరు తీసి, శనివారం సాయంత్రం నాలుగు డిగ్రీలు, ఆదివారం పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు, సోమవారం పొద్దున నాలుగు అని రాశాను. దస్తూరీ చక్కగా ఉంది. నా దస్తూరీ ఎప్పుడూ చక్కగానే ఉంటుంది.

ఏడు నిమిషాలు. ఎడమ సీసా అడుగున సన్నగా తెల్లటి గీత. కుడివైపు సీసాలో ఏమీ లేదు, లేదనే అనిపిస్తోంది, కళ్లజోడు తుడుచుకుని చూస్తే మెడ దగ్గర కాస్త పలచబడ్డట్టుంది, కిటికీ వెలుతురు అటువైపు ఎక్కువేమో. సీసాలను కదపకూడదు, కదిపితే మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి నేనే కుర్చీ ఇటు జరుపుకున్నాను. ఆ మందులో పటికలాంటిది ఒకటి కలుపుతారు. బురద నీళ్లలో పటిక వేస్తే మురికంతా అడుగుకి పోదూ, అలాంటి సరుకే, కానీ ఇందులో దాని పని వేరు, ఒంటికి చిరాకు పుట్టించడం. ఇదిగో ఇక్కడేదో ఉంది, వచ్చి చూడు, అని లోపలివాళ్లను పిలవడం. సన్నగా చెదిరి ఉన్నంతసేపే దానికా శక్తి. గడ్డకడితే రవ్వలై ముద్దకడుతుంది, ఆ తర్వాత ఎంత కరగబెట్టినా, ఎంత కుదిపినా మునుపటిలా చెదరదు. పిలిచే గొంతు పోతుంది. పోలియో చుక్కలు గడ్డకట్టినా బతికే ఉంటాయి, దీనికి ఆ భాగ్యం లేదు.

ఇదంతా నేనే చెప్పాను ఆ పిల్లకి, మా చెల్లెలి కూతురికి. అది బట్టలు కుడుతుంది, వీధిలోకి తెరుచుకునే ఒక్క గదే దాని దుకాణం, గోడకి మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో ఇంటివాళ్ల కొలతల కాగితాలు కత్తిరించి గుచ్చి ఉంటాయి. మొదటి సూదికి రమ్మంటే భయపడింది. ఇంత పసిదానికి ఇన్ని రోగాలు ఒకేసారి ఎక్కిస్తారా పెద్దమ్మా, అది తట్టుకుంటుందా, అంది మిషను ఆపి. ముక్కలబుట్ట పక్కన స్టూలు మీద కూర్చుని నేను పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఈ దుకాణంలో నువ్వొక్క దర్జీవే, దాని ఒంట్లో కోట్లమంది దర్జీలున్నారు, కానీ ఒక్కొక్కడికీ ఒక్క కొలతే వచ్చు. రోగం వచ్చినప్పుడు ఎవడి కొలత దానికి సరిగ్గా అతికితే వాడు పదులై, వందలై, లక్షలై పెరిగి పగలూరాత్రీ కుడతాడు. కానీ మొదటిసారి ఆ మనిషి దొరికి, పని అందుకునేసరికి పది పదిహేను రోజులు పడుతుంది, అంతవరకు రోగం ఊరుకోదు. పని అయ్యాక చాలామంది పోతారు, కొందరు మాత్రం ఆ కాగితం మడిచి దాచుకుని ఏళ్ల తరబడి కూర్చుంటారు. మళ్లీ అదే రోగం వస్తే కొలతలు తీసే పనే లేదు, మేకు మీంచి కాగితం తీసి కుట్టెయ్యడమే. ఈ సూది అంటే ఏమిటనుకున్నావు, రోగం రాకముందే దాని కొలత ఒకటి పంపడం. అది కిసుక్కున నవ్వింది. మరి పుట్టినప్పుడు దీనికి ఏ కాగితమూ ఉండదా, అంది. నువ్విచ్చిన కుట్టిన బట్టలు కొన్నుంటాయి, అవి కొన్ని నెలలకే చిరిగిపోతాయి, తర్వాత దాని బట్టలు అదే కుట్టుకోవాలి, అన్నాను. నువ్వు చెబితే నమ్మకుండా ఎలా ఉంటాను పెద్దమ్మా, అని మర్నాడే తీసుకొచ్చింది. మూడుసార్లూ వచ్చింది, తప్పకుండా, చెప్పిన రోజుకి. మూడుసార్లూ నేనే వేశాను. మూడుసార్లూ ఈ పెట్టెలోంచే.

రెండోసారి తర్వాత ఫోను చేసింది కూడా. పెద్దమ్మా, తొడ మీద సూది వేసినచోట గడ్డ కట్టింది, చిన్న గోలీకాయంత ఉంది, అంది. నేను నవ్వాను. లోపల పాఠం జరుగుతోందమ్మా, కాస్త అల్లరి లేకుండా బడి నడుస్తుందా, తడిగుడ్డ వెయ్యి, అన్నాను. ఆ నెలలో ఇంకో ముగ్గురు తల్లులు అదే చెప్పారు, అందరికీ అదే జోకు చెప్పాను. ఆ గడ్డ ముద్దకట్టిన రవ్వలదని నాకు తట్టలేదు అనలేను. తట్టింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఒకామె గడ్డ అనగానే నా చూపు ఫ్రిజ్ వైపు వెళ్లింది. వెళ్లి వెనక్కి వచ్చింది. అప్పటికే పెట్టె సగం అయిపోయింది, ఇప్పుడు చెబితే అంతకుముందు వేసినవి ఏం కావాలి అనుకున్నాను. రోజు గడిచేకొద్దీ చెప్పాల్సింది పెరుగుతుంది, చెప్పే నోరు చిన్నదవుతుంది.

పధ్నాలుగు నిమిషాలు. ఎడమ సీసాలో సగానికి సగం నీళ్లు. కుడివైపు, మెడ దగ్గర వేలెడు మేర తేటగా ఉంది. వెలుతురు కాదు. ఇటునుంచి చూసినా అలాగే ఉంది, అటునుంచి చూసినా అలాగే ఉంది. అయినా అరగంట అనేది నియమం కదా, నియమం ప్రకారం చూడాలి కదా, అని కూర్చున్నాను. ఐదు నెలల కిందట గుర్తురాని నియమం ఈవేళ ఎంత బాగా గుర్తొస్తోంది.

నిన్న సాయంత్రం ఫోనులో విన్నాను. పిల్లకి జలుబు పెద్దమ్మా, వారం నుంచీ తగ్గట్లేదు, నిన్న చేర్చాం, కంగారేం లేదంటున్నారు, అని మా పిల్ల చెబుతోంది, దాని మాట వెనక పసిది దగ్గింది. దగ్గు, దగ్గు, దగ్గు, మధ్యలో ఊపిరి లేదు, మళ్లీ దగ్గు, దగ్గు, చివర గాలి లోపలికి లాగుతూ ఒక కూత. నా చేతిలో గ్లాసు ఉంది, బల్ల మీద పెట్టాను. యాభై ఏళ్ల నుంచీ ఆ కూత మళ్లీ వినలేదు. మా తమ్ముడికి రెండేళ్లు అప్పుడు, నాకు తొమ్మిది. అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని తిరిగేది, నన్ను లెక్కపెట్టమనేది, ఒక్క ఊపిరికి ఎన్ని దగ్గులో. పదకొండు. పధ్నాలుగు. పద్దెనిమిది లెక్కపెట్టిన పొద్దున వాడి పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి, పంతొమ్మిది రాలేదు. కోరింత దగ్గు అన్నారు, ఈ సీసాలో టీకా ఆపాల్సిన రోగాల్లో అదీ ఒకటి. బడినుంచి దాన్ని ఇంటికి తెచ్చింది నేనే. నాకు మూడు వారాలు వచ్చి తగ్గిపోయింది, నా ఒంట్లో ఎవరో కాగితం కత్తిరించుకున్నారు, దాచుకున్నారు. వాడికి ఆ వ్యవధి దొరకలేదు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, అనుంటే బాగుండేది. ఈ పనిలోకి నేను వచ్చిందే అందుకు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, మా డాక్టరుకు చెప్పి ఉంటే నవ్వేవాడు కాదేమో.

విన్నాను, గుర్తుపట్టాను, మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు. ఆ పిల్ల ఇంకా చెబుతూనే ఉంది. ఇక్కడి డాక్టరు మొదటిరోజే అడిగాడు పెద్దమ్మా, టీకాలన్నీ వేయించారా అని, కార్డు చూపించా, మూడు సూదులూ సరిగ్గా పడ్డాయి, అయితే కోరింత దగ్గు అనుకోనక్కర్లేదు, మామూలు జలుబే అన్నాడు. నా కార్డు చూసి. నా సంతకాలు చూసి ఆయన ఆ రోగాన్ని లెక్కలోంచి తీసేశాడు. దానికి మందు ఉంది, ఎంత ముందు వేస్తే అంత మేలు, ఆలస్యమైతే మందు పడ్డా దగ్గు దాని దారిన అది పోతూనే ఉంటుంది, అంత చిన్న గుండె ఎన్ని కూతలు మోస్తుంది. అంతా తెలుసు. తెలిసి ఏమన్నాను. సరేనమ్మా, రేపు మాట్లాడతాను, అన్నాను. ఫోను పెట్టేసి ఇక్కడికి పరుగున వచ్చి తాళం తీసి సీసాను గడ్డకట్టడానికి పెట్టాను. రూఢి చేసుకోవాలిగా అనుకున్నాను. నిన్న సాయంత్రం నుంచి ఈ మధ్యాహ్నం దాకా రూఢి చేసుకుంటూనే ఉన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లను చూశాం గానీ, పక్కవాళ్ల చేతులు కాలుతుంటే ఆకులు ఏరుకుంటూ కూర్చున్నది నేనొక్కదాన్నే.

ఈ పెట్టెలోంచి డెబ్బై మందికి పైగా వేసి ఉంటాను. పేర్లు నోటికి రావు గానీ తొడలు గుర్తే, వడ్రంగి మనవడిది ముడతలు ముడతలుగా ఉంటుంది, కవలల్లో రెండోది సూది చూడకముందే ఏడుస్తుంది, ఉత్తరాలు పంచే ఆయన తన కూతుర్ని యూనిఫాం జేబులో పెన్నిచ్చి ఊరుకోబెడతాడు. వాళ్లందరి తలుపులూ కొట్టాలి. మీ పిల్లకి వేసింది పనిచెయ్యదు, మళ్లీ మొదట్నించి వెయ్యాలి అని చెప్పాలి, తలుపులు మొహాన వేసినా నిలబడాలి. రేపు పొద్దున మా డాక్టరు బల్ల మీద తాళంచెవి పెట్టాలి. నవ్వితే నవ్వనీ. ఒంటిని చూస్తే నాకిప్పుడు ఒకటి అనిపిస్తోంది, దానికి రిజిస్టరు లేదు. నాలుగు అని రాసినంత మాత్రాన అది నాలుగని ఒప్పుకోదు. తన ముందుకు నిజంగా వచ్చినదాన్నే అది గుర్తుపెట్టుకుంటుంది, సంతకాలు దానికి చదవడం రాదు. ఆ పసిదాని ఒంట్లో ఇవాళ ఒక్క మేకుకీ ఈ రోగం కాగితం లేదు. కోట్లమంది దర్జీల్లో ఎవడిదో ఆ కొలత, వాణ్ణి ఇప్పుడు వెతుక్కుంటోంది, అసలు రోగం గుమ్మం దాటి లోపలికి వచ్చాక.

పంతొమ్మిదో నిమిషం. రెండు సీసాలూ అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. ఏది ఎడమదో ఏది కుడిదో కళ్లు మూసి తెరిస్తే చెప్పలేను, అంతగా ఒకటే అయ్యాయి, పైన నీళ్లు, కింద తెల్లటి రవ్వ. ఇంకా పదకొండు నిమిషాలుంది. ఆ పదకొండు నిమిషాలు ఎవరికోసం అనుకుంటే జవాబుకి నాకే సిగ్గుగా ఉంది. ఫోను తీశాను. అంకెలు నొక్కాను. నాలుగుసార్లు మోగింది.

"చెప్పు పెద్దమ్మా," అంది మా పిల్ల. వెనక దగ్గు లేదు.

"పసిదేం చేస్తోంది?"

"ఇప్పుడే అలిసిపోయి పడుకుంది. డాక్టరు ఇక్కడే ఉన్నాడు, చూస్తున్నాడు. కార్డు మళ్లీ చూపించా. ఇంత పద్ధతిగా రాసిన కార్డు ఈమధ్య చూళ్లేదమ్మా అన్నాడు."

"ఫోను ఆయనకివ్వమ్మా."

"ఏం చెప్తావు?"

"ఆ కార్డు నమ్మొద్దని."

వార్డులో ఎక్కడో ఇనప కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"అవి నీ సంతకాలే కదా పెద్దమ్మా," అంది.

"నావే. మూడూ నావే."

అప్పుడు పసిది లేచినట్టుంది. దగ్గు, దగ్గు, దగ్గు. నాకు తెలియకుండానే లెక్కపెడుతున్నాను. ఆరు, ఏడు. ఫోను చేతులు మారింది, మగగొంతు హలో అంది.

"డాక్టరు గారూ, ఆ పిల్లకి వేసిన మూడు సూదులూ లెక్కలోకి తీసుకోకండి. ఆ మందు గడ్డకట్టి పాడైపోయింది. అది కోరింత దగ్గు. వెంటనే మందు మొదలుపెట్టండి."

"ఎవరు మాట్లాడేది?" అన్నాడాయన.

"ఆ సంతకాలు పెట్టినదాన్నండీ," అన్నాను.